కన్సర్వేటరీ మీద పెంకు కప్పు: పాత చట్రం మోస్తుందా?

ప్రశ్న (ఎండకప్పు)

ఇంగ్లండ్‌లో ఇల్లు. వెనక 4 మీ. × 3 మీ. కన్సర్వేటరీ (ఇంటికి ఆనించి కట్టిన గాజు గది), ఇంటి గోడ నుంచి ఒకే వాలుగా దింపారు. వాలు సుమారు 15 డిగ్రీలు. పైన 25 మి.మీ. పాలికార్బోనేట్ (వెలుతురు పోనిచ్చే ప్లాస్టిక్ షీటు), కింద మోకాలెత్తు ఇటుక గోడ, దాని మీద యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాల కిటికీలు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చోలేం, చలికాలం షీటు నుంచి చెమ్మ బొట్లుగా రాలుతుంది, వాన పడితే పక్కవాళ్ల మాట వినపడదు. షీటు అలాగే ఉంచి కింద ఫాయిల్, పీవీసీ పలకలు కొట్టేస్తే చాలని ఒకరు, మొత్తం తీసి పెంకు కప్పు వేయాలని ఇంకొకరు. ఏది మేలు? కట్టడాల నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పాలా?

జవాబు 1 (దూలంలెక్క)

కప్పు ఏది అన్నది తర్వాతండీ, ముందు బరువు చూడండి. వాలు వెంబడి మీ కప్పు దాదాపు 12.4 చ.మీ. ఇప్పుడున్న పాలికార్బోనేట్ మొత్తం కలిపి 45 కిలోల లోపే. 4+4 మి.మీ. డబుల్ గ్లేజింగ్ అయితే గాజే 250 కిలోలు. తేలికపాటి పెంకు, చెక్క వాసాలు, ఇన్సులేషన్, జిప్సమ్ బోర్డు కలిపి చ.మీ.కి 40 కిలోలనుకున్నా 500 కిలోలకు చేరుతుంది. దీనిపైన మంచుకీ, ఎక్కే మనిషికీ చ.మీ.కి 0.6 కిలోన్యూటన్ లెక్కలో పట్టుకోవాలి, అంటే మరో 730 కిలోలు.

యూపీవీసీ చట్రాన్ని దూలంలా లెక్కేయకూడదు. మూలల్లో, కిటికీల అతుకుల దగ్గర అల్యూమినియం లేదా ఉక్కు స్తంభం ఉందా? చాలాచోట్ల ఉత్త ప్లాస్టిక్ కప్లరే (రెండు చట్రాలను కలిపే పట్టీ) ఉంటుంది. అన్నిటికంటే అనుమానించాల్సింది వెడల్పాటి తలుపు మీది చోటు. అక్కడ దూలం లేకపోతే పైపట్టీ కొన్ని మిల్లీమీటర్లు వంగినా చాలు, తలుపు పట్టేస్తుంది. కంపెనీవాళ్లు దాన్ని కీలు సర్ది సరిచేస్తామంటారు, అది మందు కాదు. చూరు చుట్టూ స్తంభాల మీద కూర్చునే దూలం వేయించుకోండి.

పునాది పక్కన ఒక గుంత తవ్వించి లోతు చూడండి. బంకమట్టి నేలలో, చెట్లు దగ్గర లేనప్పుడు, 750 మి.మీ. నుంచి 1 మీటరు దాకా అడుగుతారు. ఉత్త కాంక్రీటు పలక మీద కట్టినదైతే పెంకు ఆలోచన అక్కడే ఆపండి.

జవాబు 2 (పొడిగోడ)

షీటు కింద ఫాయిల్ కొట్టడం గురించి. వేడి కొంత తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది, కాదనను. కానీ గదిలోని ఆవిరి పలకల అతుకుల్లోంచి పైకి పోయి చల్లటి షీటుకు తగిలి నీరవుతుంది. ఇప్పుడు నేల మీద పడే బొట్టు అప్పుడు పలక పైన, మీకు కనపడని చోట పడుతుంది. చెక్క బద్దెలు నల్లబడి, బూజు వాసన వచ్చాక గానీ తెలియదు. నా ఓటు దానికి లేదు.

కొత్త కప్పుకి యూ విలువ (వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.15 అడుగుతారు. ఒక పద్ధతి: 47×150 మి.మీ. వాసాలు 600 మి.మీ. దూరంలో, మధ్యలో 100 మి.మీ. పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ ఇన్సులేషన్), వాసాల కింద అడ్డంగా 75 మి.మీ. బోర్డు. వాసంలో పైన మిగిలే 50 మి.మీ. ఖాళీని ఎవరూ నింపకుండా చూడండి, అది గాలి దారి. చూరు దగ్గర 25 మి.మీ., ఇంటి గోడను తాకేచోట 5 మి.మీ. సందు పొడుగునా తెరిచి ఉండాలి. కింది బోర్డు అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూసి, దాని కింద ఆవిరి ఆపే పొర, ఆపైన 25 మి.మీ. బద్దెలు, 12.5 మి.మీ. జిప్సమ్ బోర్డు. వైర్లన్నీ ఆ బద్దెల సందులోనే పోవాలి. సీలింగ్‌లో పొదిగే లైట్ల కోసం పొరకు చిల్లులు పెడితే చేసిందంతా వృథా.

జవాబు 3 (సీసంరేకు)

రెండు విషయాలు ఎవరూ చెప్పలేదు.

ఒకటి, మందం. ఇప్పుడు అంగుళం మందం ఉన్న కప్పు 280–300 మి.మీ. అవుతుంది. పైన పడకగది కిటికీ ఉంటే దాని గట్టు కింద, కప్పు గోడను కలిసేచోట నీరు దిగకుండా వేసే సీసం రేకు దూర్చడానికి చోటుందో లేదో ఇవాళే కొలవండి. కప్పు మీదికి ఆ రేకు కనీసం 150 మి.మీ. వాలాలి. కోడ్ 4 (మందాన్ని బట్టి ఇచ్చే నంబరు) రేకు ఒక్కో ముక్క 1.5 మీటర్లు దాటకూడదు, అతుకు 100 మి.మీ. పొడుగు ముక్క ఎండకు సాగి చలికి ముడుచుకుని చీలుతుంది. ఇంటిది రెండు పొరల గోడ అయితే కప్పు పైన క్యావిటీ ట్రే (పొరల మధ్య దిగే నీటిని బయటికి మళ్లించే పళ్లెం) ఉందా అని అడగండి. అది లేకపోతే పై గోడలో దిగే వాన నీరు లోపలి గోడ మీద మరకగా తేలుతుంది, నింద మాత్రం కొత్త కప్పు మీద పడుతుంది.

రెండు, 15 డిగ్రీల వాలుకి మామూలు పెంకు పనికిరాదు. తక్కువ వాలుకి తయారుచేసిన రేకు పెంకులు దొరుకుతాయి, తయారీదారు పత్రంలో కనీస వాలు చూసి కొనండి.

బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పాల్సిందే. వెలుతురు వచ్చే కప్పు తీసి గట్టి కప్పు వేస్తే కట్టడాల నిబంధనల నుంచి కన్సర్వేటరీకున్న మినహాయింపు పోతుంది. జిప్సమ్ బోర్డు కొట్టకముందే అధికారి చూడాలి. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు అడ్డుపడతాడు.

ఎండకప్పు

చాలా థ్యాంక్స్ అండీ. పెంకు వేస్తే లోపలి హాలు చీకటైపోదా? మధ్యలో తలుపులు తీసేద్దామనుకుంటున్నాం.

జవాబు 1 (దూలంలెక్క)

అవుతుంది. రెండు రూఫ్ లైట్లు (కప్పులో పెట్టే గాజు కిటికీలు) పెట్టండి, చూరు వైపు కాదు, ఇంటి గోడ వైపు, అప్పుడే వెలుతురు హాల్లోకి పోతుంది. ఒక్కో లైటుకి రెండు పక్కలా వాసాలు జంటగా వేయాలి. లైటు కింది అడ్డ చెక్క ఆ వరుసలో గాలి దారిని మూసేస్తుంది కాబట్టి, గాలి ఎటు పోతుందో డ్రాయింగులోనే చూపించమనండి.

తలుపులు మాత్రం ఉంచండి. తీస్తే ఆ గది ఇంట్లో భాగమైపోతుంది, అప్పుడు గాజు గోడల్నీ, ఇన్సులేషన్ లేని గచ్చునీ కూడా లెక్కలోకి తీసుకుంటారు. కప్పు మార్చినంత మాత్రాన చుట్టూ గాజు అలాగే ఉంది కదా, జనవరి రాత్రి ఆ తలుపులు మూయక తప్పదు.