జింక్ ఆక్సైడ్ పొర పాలలా తెల్లబడుతోంది

ప్రశ్న: జింక్ ఆక్సైడ్ పలుచటి పొర చేస్తున్నాను. సాల్వెంట్ 2-మెథాక్సీ ఇథనాల్‌లో జింక్ ఎసిటేట్ 0.5 మోలార్, మోనోఇథనోలమైన్ (అమైన్) జింక్‌తో 1:1. స్పిన్ కోటింగ్ (ద్రావణం వేసి వేగంగా తిప్పి పూతగా పరచడం) 3000 ఆర్‌పీఎం, 30 సెకన్లు. ప్రతి పూతనూ నేరుగా 500 డిగ్రీల ఫర్నేస్‌లో పెడుతున్నాను. 550 నానోమీటర్ల దగ్గర ట్రాన్స్‌మిటెన్స్ (పొర గుండా దాటే కాంతి) 60 శాతమే, బ్యాండ్‌గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని పై పట్టీకి ఎక్కించడానికి కావలసిన కనీస శక్తి) 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్కడ తేడా?

జవాబు: నేరుగా 500కి పెట్టడమే చిక్కండీ. సాల్వెంట్, అమైన్ ఒక్కసారిగా ఎగిరిపోయి రంధ్రాలు, ముడతలు మిగులుతాయి. వెలుతురు అక్కడే చెదిరిపోతుంది. పూతపూతకీ 300 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద 10 నిమిషాలు ఉంచండి. అన్నీ అయ్యాకే 500కి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున ఎక్కించి గంటసేపు.

జవాబు: ద్రావణాన్ని 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు కలిపి, ఒక రోజు వదిలి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి.

జవాబు: ఆ 3.1ని మాత్రం నమ్మకండి. చెదిరిన కాంతిని కూడా మామూలు స్పెక్ట్రోమీటర్ శోషణ కిందే లెక్కేస్తుంది, దాంతో టౌక్ ప్లాట్‌లో (శోషణ నుంచి బ్యాండ్‌గ్యాప్ తీసే గ్రాఫ్) గీత ఎడమకి, అంటే తక్కువ శక్తి వైపు జారుతుంది. ఇంటిగ్రేటింగ్ స్ఫియర్‌తో (చెదిరిన కాంతిని కూడా పోగుచేసే బోలు గోళం) కొలవండి. మంచి పొరకి 3.3 దరిదాపుల్లో రావాలి.