ఓవిడ్ పద్యం, టిషియన్ పటం: అరియాడ్నే పారిపోతోందా?

ప్రశ్న: ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన ‘బాకస్, అరియాడ్నే’ (1520–23, లండన్ నేషనల్ గ్యాలరీ) చూస్తున్నాను. గ్రీకు పురాణ వీరుడు థీసియస్ తన ప్రియురాలు అరియాడ్నేను నాక్సోస్ దీవిలో వదిలేసి ఓడెక్కి పోయాడు. మద్యదేవుడు బాకస్ రథం మీంచి దూకుతున్నాడు. ఆమె భయపడి పారిపోతోందా, ఆగి చూస్తోందా? దీనికి ఆధారమైన పద్యం ఏది?

జవాబు: ఒకటి కాదండీ, ఇద్దరు లాటిన్ కవులు ఉన్నారు దీని వెనక: ఓవిడ్, కటలస్. మీరడిగినదానికి జవాబు ఓవిడ్ దగ్గర దొరుకుతుంది. బాకస్ కనబడగానే ఆమెను వదిలిపోయినవి మూడంటాడు: ముఖంలో రంగు, థీసియస్, గొంతు. మూడింటికీ ఒకే క్రియ! ఇలా పలు వస్తువుల్ని ఒకే ధర్మంతో ముడిపెట్టడాన్ని మన ఆలంకారికులు తుల్యయోగిత అనేవారేమో. ఓడ ఎప్పుడో పోయింది, మనసులోంచి థీసియస్ పోయింది మాత్రం ఈ క్షణంలో. వెంటనే, ముమ్మారు పారిపోబోయింది, ముమ్మారూ భయమే పట్టి ఆపింది అంటాడు.

ఇప్పుడు పటం చూడండి. ఎడమ అంచున ఓడ చిన్నదైపోయింది. ఆమె ఒక చెయ్యి ఇంకా సముద్రం వైపే చాచి ఉంది, ముఖం మాత్రం బాకస్ వైపు తిరిగింది. పారిపోవడమూ ఆగడమూ ఒకే ఒంట్లో ఉన్నాయి. నా దృష్టిలో ఇది అచ్చమైన భావసంధి, అంటే రెండు భావాలు ఒకేచోట కలవడం.

పైన ఎనిమిది చుక్కలు గుండ్రంగా ఉన్నాయి, గమనించారా? అది చుక్కలుగా మారిన ఆమె కిరీటం. ఆకాశమే కానుకగా తీసుకో, దారి తెలియని ఓడలకు నువ్వు దారి చూపుతావు అని బాకస్ చేత చెప్పిస్తాడు ఓవిడ్. టిషియన్ ఆ చుక్కల్ని వెళ్ళిపోతున్న ఓడ ఉన్న వైపే పెట్టాడు. కాకతాళీయమని నేననుకోను.

ప్రశ్న: మరి పాములు చుట్టుకున్నవాడు, దూడ తల ఈడ్చుకొస్తున్న పిల్లవాడు?

జవాబు: వాళ్ళు కటలస్ పద్యంలోంచి వచ్చారు. బాకస్ పరివారంలో కొందరు పాములు చుట్టుకున్నారనీ, కొందరు చీల్చిన దూడ అవయవాలు విసురుతున్నారనీ ఉంది అక్కడ.

ప్రశ్న: ఓవిడ్ రథానికి కట్టింది పులుల్ని కదా? ఇక్కడ చీతాలున్నాయి.

జవాబు: బొమ్మ వేయించుకున్న ఫెరారా (ఇటలీ) ప్రభువు అల్ఫోన్సో జంతుశాలను చూసి టిషియన్ వేశాడంటారు. నాకు ముఖ్యం వేరే. ఆమె పులులకు జడుస్తుందేమోనని బాకస్ దూకాడని ఓవిడ్ చెప్పాడు. టిషియన్ చీతాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి, జడవడానికి వాటిలో ఏమీ లేదు. అంటే దూకడం ఓవిడ్‌ది, దూకించింది మాత్రం కటలస్ చెప్పిన ప్రేమ: నీ ప్రేమతో రగిలి నిన్నే వెతుక్కుంటూ వచ్చాడు, అరియాడ్నా అన్నాడు కదా ఆయన.