ఎండకి డక్ట్ టేప్ పర్సు బంక కారి నోట్లు అంటుకుపోతున్నాయి, ఏం చేయాలి?

బెజవాడ_అమ్మ:
అందరికీ నమస్తే. మా పాప ఏడో తరగతి పూర్తిచేసింది. సెలవుల్లో వీడియోలు చూసి డక్ట్ టేప్‌తో, అంటే వెడల్పుగా గట్టిగా ఉండే అతుకు టేపుతో, వాళ్ళ నాన్నకి పర్సు చేసింది. మూడు రోజులు కూర్చుని, తప్పు వచ్చినప్పుడల్లా మళ్ళీ చించి చేసింది. ఆయన ఎంత మురిసిపోయారంటే తోలు పర్సు బీరువాలో పెట్టేసి ఇదే వాడటం మొదలుపెట్టారు. వారం బాగానే ఉంది. మొన్న స్కూటర్ డిక్కీలో పెట్టి రెండు గంటలు ఎండలో వదిలారు, రోహిణి కార్తె ఎండలు మీకు తెలిసిందే, వచ్చి చూస్తే అంచుల నుంచి బంక నల్లగా కారింది, లోపల రెండు ఐదొందల నోట్లు అతుక్కుపోయాయి. ఒకటి లాగితే మూల చిరిగింది, రెండోది ఇంకా దాంట్లోనే ఉంది. పాప ఏమీ అనలేదు, కానీ టేపు చుట్ట తీసుకెళ్ళి అటక మీద పడేసింది, నాకు అదే బాధగా ఉంది. జూన్ 12న బడి తెరిచాక స్నేహితులకి ఇవ్వాలని బెల్టులు, చిన్న సంచులు కూడా చేద్దామనుకుంది. మా ఎండలకి ఈ టేపు పనికిరాదా, లేక చేసే తీరులో తప్పుందా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

ఫ్రిజ్_చిట్కా:
ముందు ఆ నోటు సంగతి. లాగకండి. పర్సుని అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో అరగంట ఉంచండి. చలికి బంక గట్టిపడి పట్టు వదులుతుంది, బయటికి తీసిన వెంటనే ఒక మూల నుంచి నిదానంగా ఊడదీయండి. మూల చిరిగిన నోటుకి కంగారు వద్దు, బ్యాంకులో ఇస్తే మార్చి ఇస్తారు.

వరంగల్_హార్డ్‌వేర్_షాపు:
అక్కా, పాప వాడింది ఏ టేపో ముందు చూడాలె. మా షాపుకి వచ్చి డక్ట్ టేప్ అని అడిగేవాళ్ళకి ఊళ్ళో నాలుగు రకాలు ఇస్తారు. ఏసీ మెకానిక్కులు వాడే అల్యూమినియం రేకు టేపు ఒకటి, అది మడిస్తే పగులుతుంది. రెండోది వెండి రంగులో మెరిసే పీవీసీ అనే ప్లాస్టిక్ టేపు, మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే, దీంట్లో గుడ్డ ఉండదు. మూడోది మామూలు ప్యాకింగ్ టేపుకే రంగేసినది. నాలుగోది అసలుది, లోపల నూలు అల్లిక ఉన్నది. కొనేటప్పుడు చుట్ట కొస విప్పి బంక వైపు చూడండి, దోమతెరలాగ అడ్డం నిలువు దారాలు కనిపించాలె. రెండో పరీక్ష, చేత్తో అడ్డంగా చించండి. గుడ్డ ఉన్నది చర్రుమని తిన్నగా చిరుగుతుంది. పీవీసీది సాగుతుంది, వంకర పోతుంది, కత్తెర కావాలె. సాగిన టేపు ఎండకి మళ్ళీ ముడుచుకుంటుంది, అట్ల ముడుచుకున్నప్పుడే అంచుల దగ్గర బంక బయటపడేది. మీరు చెప్పింది వింటే నాకు అదే అనుమానం. షాపులో 'క్లాత్ టేప్' అని అడగండి, డక్ట్ టేప్ అంటే అందరికీ ఒకటే అర్థం కాదు.

టేపుపని_హైదరాబాద్:
నేను ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, పర్సులు, పెన్సిల్ పౌచులు, కళ్ళజోడు కవర్లు, వానకి బ్యాగు తొడుగులు. పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అయితే గుడ్డ టేపు తెచ్చినా చేసే తీరు సరిగ్గా లేకపోతే ఎండకి ఇదే గతి. ఒక సంగతి చెప్తా. డక్ట్ అంటే గాలి గొట్టం, ఆ పేరున్నా ఈ టేపు వేడి గాలి గొట్టాలకే ఆగదు. 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో రకరకాల టేపుల్నీ, సందులు పూడ్చే సీలెంట్లనీ గొట్టాలకి వేసి వేడి మీద పరీక్షిస్తే, గుడ్డా రబ్బరు బంకా ఉన్న ఈ మామూలు డక్ట్ టేపే బాగా ఓడిపోయింది. పైన పాలిథీన్, మధ్యలో నూలు, కింద రబ్బరు బంక, ఈ మూడు పొరల్లో వేడికి ముందు లొంగేది బంకే. కాబట్టి మనం చేయాల్సింది ఒకటే, ఎక్కడా బంక బయటికి కనపడకుండా, కోసిన అంచు ఒక్కటి కూడా తెరిచి ఉండకుండా చూడటం.

పాపని అడగండి, టేపు ముక్కలు పక్కపక్కన పరిచి, వాటి మీద సరిగ్గా అదే కొలతకి ఇంకో వరస బోర్లించి, తర్వాత కత్తెరతో చుట్టూ కోసిందా అని. చాలా వీడియోల్లో అలాగే చూపిస్తారు. అలా చేస్తే పై అతుకులూ కింది అతుకులూ ఒకే గీత మీదకి వస్తాయి, కోసిన నాలుగు వైపులా రెండు పొరల మధ్య బంక గీతలాగ మిగులుతుంది. కారేది అక్కడినుంచే.

నేను చేసేది ఇలా. గ్రానైట్ గట్టు మీద 22 సెంటీమీటర్ల ముక్క ఒకటి బంక పైకి ఉండేలా వెల్లకిలా పెట్టండి. రెండో ముక్క బంక కిందికి ఉండేలా, మొదటిదాని సగం మీద పడేట్టు అతికించండి. మొత్తం తిరగేయండి. ఇప్పుడు రెండోదాని బంక సగం పైకి కనిపిస్తుంది కదా, మూడో ముక్క దాని మీద బోర్లించండి, మొదటి ముక్క అంచు మీదకి ఒక నూలు వాసి ఎక్కాలి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మళ్ళీ తిరగేసి నాలుగోది. ఇలా వేస్తే పైన అతుకు ఉన్నచోట కింద నిండు టేపు ఉంటుంది. పైన, కింద చివర్లలో అరముక్క మేర బంక మిగులుతుంది, దాన్ని సగానికి లోపలికి మడిచేయండి. టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లు కాబట్టి నాలుగు ముక్కలకి, మడతలు పోను, దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. మన ఐదొందల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 ఎత్తు, కాబట్టి సరిపోతుంది. వేసిన ప్రతి ముక్కనీ స్టీలు చెంచా వెనక వైపుతో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్దండి. గాలి బుడగ మిగిలితే ఎండకి ముందు అక్కడే పొర లేస్తుంది, ఇది ఎవరూ చెప్పరు, నాకు రెండు పర్సులు పాడయ్యాక తెలిసింది.

ఇలాంటి షీట్లు రెండు చేయండి, పర్సు బయటికి ఒకటి, లోపలికి ఒకటి. బయటి షీటు 20 సెంటీమీటర్లకి కోయండి. లోపలిది 19.6 చాలు, ఎత్తు కూడా ఒక సెంటీమీటరు తగ్గించండి. లోపలిది కాస్త పొట్టిగా ఉంటేనే పర్సు మడిచినప్పుడు ముడత పడదు. అందుకే రెండిటినీ కలిపేటప్పుడు పర్సుని సగానికి మడిచి పెట్టి కలపాలి, చాపి పెట్టి కలిపితే జీవితాంతం ఉబ్బే ఉంటుంది. టేపుని నిలువుగా సగానికి చించి, ఆ పట్టీని కోసిన అంచుల మీద అటూ ఇటూ వచ్చేట్టు, పుస్తకానికి బైండింగ్ వేసినట్టు మడిచి అతికించండి. ఏటీఎం కార్డు పెట్టుకునే అరకి 5 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. కార్డు 5.4 ఉంటుంది, కొంచెం పైకి కనపడి వేలితో లాగడానికి వీలవుతుంది.

అంతా అయ్యాక అంచులన్నిటికీ టాల్కం పౌడరు దూదితో అద్దండి. ఎక్కడన్నా సన్న బంక గీత మిగిలి ఉంటే అక్కడే చచ్చిపోతుంది. రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టండి. కత్తెరకి బంక పట్టేస్తే కొబ్బరి నూనె రాసి దూదితో తుడవండి, కానీ తర్వాత నూనె పూర్తిగా పోయేలా తుడిచాకే మళ్ళీ టేపు ముట్టుకోవాలి, నూనె తగిలినచోట ఇక ఏదీ అంటదు. ఇంత చేసినా డిక్కీలో, కారు అద్దం కింద మాత్రం పెట్టొద్దని మీ వారికి చెప్పండి. జేబులో ఉంటే ఏమీ కాదు.

బెజవాడ_అమ్మ:
ఎంత ఓపిగ్గా రాశారండీ! చుట్ట దించి చూశాం, దారాలు లేవు, లాగితే సాగుతోంది. అంటే పాప చేతిలో తప్పు లేదన్నమాట, ఆ మాట చెప్పగానే దాని ముఖం చూడాలి. అంచులు మాత్రం కత్తెరతో కోసి వదిలేసిందట. నోటు ఫ్రీజర్ చిట్కాతో చిరగకుండా వచ్చింది. ఇంకో ప్రశ్న, సంచికి పట్టీలు, నడుముకి బెల్టు చేయాలంటే బరువు ఆగుతుందా? ఒట్టి టేపే కదా అని భయం.

గుంటూరు_వైరుబుట్టల_పిన్ని:
అమ్మాయీ, నేను ఇరవై ఏళ్ళు ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లాను, టేపు పని ఈ మధ్య మా మనవరాలితో కలిసి మొదలుపెట్టా. బరువు ఆగేది పట్టీ లావు వల్ల కాదు, అది ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది అన్నదాన్ని బట్టి. కొత్తగా చేసేవాళ్ళు పట్టీని సంచి మూతి దగ్గర అతికించి వదిలేస్తారు. నాలుగు పుస్తకాలు పెట్టగానే అది పెచ్చులాగ లేచి వస్తుంది. వైరు బుట్టకి ఎలా చేస్తామో అలాగే, పట్టీని ఒక పక్క నుంచి దించి, అడుగు మీదుగా తిప్పి, రెండో పక్కకి ఎక్కించాలి. అప్పుడు బరువంతా పట్టీ మీద కూర్చుంటుంది, బంక దాన్ని పక్కకి జరక్కుండా పట్టుకుంటే చాలు.

పట్టీకి జడ అల్లండి. టేపు ముక్కని నిలువుగా మూడు మడతలు పెడితే బంక లోపలికి పోయి వేలెడు వెడల్పు పట్టీ వస్తుంది. అలాంటివి మూడు తీసుకుని జడలాగ అల్లండి. అల్లితే దాదాపు మూడో వంతు దాకా పొడవు తగ్గుతుంది, ముందే ఎక్కువ తీసుకోవాలి. తలుపు గొళ్ళేనికి కట్టుకుని లాగి పట్టి అల్లితే సమంగా వస్తుంది. మా మనవరాలు మొదటి జడ వదులుగా అల్లింది, భుజానికి గుచ్చుకుంటోందని విప్పేసి మళ్ళీ అల్లింది, రెండోది తాడులాగ గట్టిగా వచ్చింది. బెల్టుకైతే జడ వద్దు, రెండు పొరల పట్టీ చాలు, లోపలి వైపు ఏదైనా పాత నూలు చీర అంచు వేయండి. చెమటకి ఒంటికి అంటదు. చేతి గాజులు, బ్రాస్‌లెట్లు చేసేటప్పుడు కూడా బంక చర్మానికి తగలనివ్వొద్దు, కొందరికి రబ్బరు పడక దద్దుర్లు వస్తాయి.

క్లీవ్‌లాండ్_తెలుగు:
పాప ఆ చుట్ట అటక మీద పడేసింది అని చదివి రాయకుండా ఉండలేకపోయా. మేము అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటాం, ఇక్కడికి దగ్గర్లోనే ఏవన్ అనే ఊరు, డక్ అనే బ్రాండ్ పేరుతో డక్ట్ టేపు అమ్మే కంపెనీ వాళ్ళ ఊరు. 2004లో అక్కడ ఈ టేపుకి పండుగే మొదలుపెట్టారు, టేపుతో చేసిన శకటాలతో ఊరేగింపు, టేపు బట్టల ఫ్యాషన్ షో. మా అబ్బాయి మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు క్లాసులో సగం మంది జేబుల్లో టేపు పర్సులే, రంగురంగులవి, పులి చారలవి. 2001 నుంచి ఆ కంపెనీ హైస్కూలు పిల్లలకి ఒక పోటీ కూడా పెడుతోంది. చదువు చివర్లో జరిగే ప్రామ్ అనే వేడుకకి వేసుకునే గౌనుని, సూటుని టేపుతో చేయాలి, గెలిస్తే కాలేజీకి వేల డాలర్ల స్కాలర్‌షిప్. ఆ గౌన్ల ఫొటోలు పాపకి చూపించండి. కుచ్చులు, పూలు, పూసల పనిలా కనిపించే ముక్కలు, అన్నీ టేపే. ఒక్కో గౌనుకి పదుల చుట్టలు పడతాయి, నెలల పని.

ఇంకొకటి కూడా చెప్పండి పాపకి. ఈ టేపు పుట్టడానికి కారణం ఒక అమ్మ. 1943లో ఇల్లినాయిలోని తూటాల ఫ్యాక్టరీలో వెస్టా స్టౌట్ అనే ఆవిడ పెట్టెలు ప్యాక్ చేసే పని చేసేది. ఆ పెట్టెలకి కాగితం టేపు వేసి మైనం పూసేవాళ్ళు. లాగడానికి వదిలిన కొస చిరిగిపోయేది, యుద్ధంలో సైనికుడు పెట్టె తెరవలేక అవస్థ పడాలి. ఆవిడ కొడుకులిద్దరు నేవీలో ఉన్నారు. నీళ్ళు దిగని గుడ్డ టేపు వేస్తే బాగుంటుందని పై అధికారులకి చెప్పింది, పని జరగలేదు, దాంతో నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే బొమ్మలు గీసి ఉత్తరం రాసింది. అధికారులు ఒప్పుకున్నారు, జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు తయారుచేశారు. మా అబ్బాయికి ఈ కథ చెప్తే, పర్సు లోపల చిన్న అర ఒకటి చేసి దానికి వెస్టా అర అని పేరు పెట్టుకున్నాడు.

బెజవాడ_అమ్మ:
పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. గవర్నరుపేటలో రెండు షాపులు తిరిగితే దారాలున్న టేపు దొరికింది, బూడిద రంగు. పాప షాపులోనే కొస విప్పి బంక వైపు చూసింది, షాపాయన ఏంటమ్మా అని అడిగితే దారాలు చూపించి వివరంగా చెప్పింది. పర్సు మళ్ళీ చేసింది, చెంచా రుద్ది రుద్ది బొటనవేలు ఎర్రబడింది. పాప అడిగింది కదా అని కొత్త పర్సులో నోట్ల బదులు పాత కాగితాలు పెట్టి నిన్న మధ్యాహ్నం డిక్కీలో మూడు గంటలు ఉంచాం. తీసి చూస్తే మెత్తబడింది, కానీ కారలేదు, కాగితాలు హాయిగా బయటికి వచ్చాయి. ఒక మూల బైండింగ్ పట్టీ కొంచెం లేచింది, అక్కడ మళ్ళీ వేసి పౌడరు అద్దింది. ఇవాళ ఆయన అందులోనే డబ్బులు సర్దుకుని వెళ్ళారు. సంచి మొదలైంది, జడ కిటికీ చువ్వకి కట్టి ఉంది, నేను ఆ పక్క నుంచి కాస్త వంగి వెళ్తున్నా. సంచికి ఎర్ర రంగు కావాలంటోంది, పుస్తకాల బైండింగ్ షాపులో ఎర్ర గుడ్డ టేపు ఉందట. అది వాడొచ్చా?

టేపుపని_హైదరాబాద్:
వాడొచ్చండి, గుడ్డే కాబట్టి చక్కగా మడతపడుతుంది. కాకపోతే దానికి పైన ప్లాస్టిక్ పొర లేకపోతే వానకి తడుస్తుంది. అందుకని అడుగు భాగం బూడిద టేపుతో చేసి, పైన కనపడే వైపు మాత్రం ఎర్రది వేయమనండి. ముందు అరచేతంత ముక్క ఒకటి చేసి, డాబా మీద ఒక రోజు ఎండలో ఉంచి చూశాకే చుట్ట మొత్తం కొనండి.