ఆస్ట్రియాలో డాల్‌ఫుస్ పాలనను ఫాసిస్టు పాలన అనవచ్చునా?

ప్రశ్న:
1933 నుంచి 1938 వరకు ఆస్ట్రియాను ఏలిన ఎంగెల్బెర్ట్ డాల్‌ఫుస్, కుర్ట్ షుష్నిగ్‌ల ప్రభుత్వాన్ని కొందరు చరిత్రకారులు ‘ఆస్ట్రోఫాసిజం’ అంటుండగా, మరికొందరు నిరంకుశ ప్రభుత్వమని మాత్రమే అంటున్నారు. పార్లమెంటును మూసివేసి, ప్రతిపక్షాలను నిషేధించి, ముస్సోలినీ అండతో నిలబడిన ప్రభుత్వం ఫాసిస్టు కాకుండా ఎలా పోతుంది? అయితే నాజీ పార్టీని నిషేధించి, 1934 జూలైలో నాజీల చేతిలోనే హతుడైన డాల్‌ఫుస్‌ను వారితో ఒకే గాటన కట్టడం సబబేనా?

సమాధానం 1:
నాజీలతో వైరం ఇక్కడ సాక్ష్యంగా చెల్లదు. డాల్‌ఫుస్ హత్య జరగగానే హిట్లర్‌ను హెచ్చరించడానికి ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నర్ కనుమకు సైన్యాన్ని పంపినవాడు సాక్షాత్తూ ముస్సోలినీయే. చూడవలసింది అధికారం ఎలా చేజిక్కింది, దేనిపై నిలిచింది అన్నది. 1933 మార్చి 4న రైల్వే సమ్మెకు సంబంధించిన ఓటింగుపై వివాదం రేగి, దిగువ సభ అధ్యక్షులు ముగ్గురూ ఒకరి వెంట ఒకరు రాజీనామా చేయగా, సభ తనను తానే రద్దు చేసుకున్నదని డాల్‌ఫుస్ వాదించి, మార్చి 15న మళ్లీ సమావేశం కాబోయిన సభ్యులను పోలీసులతో అడ్డగించాడు. ఆపైన 1917 నాటి యుద్ధకాలపు చట్టం ఒకదాన్ని వెలికితీసి, దాని పేరిట ఆర్డినెన్సులతో పాలించాడు. ఇందులో వీధులను గెలిచి గద్దెనెక్కిన పార్టీ ఏదీ లేదు. ఉన్న ప్రభుత్వమే చట్టసభను వదిలించుకుంది. ప్రభుత్వపు ఏకైక రాజకీయ సంస్థ అయిన ‘ఫాదర్‌లాండ్ ఫ్రంట్’ కూడా ఆ తరువాత, మే నెలలో, పైనుంచి ఏర్పాటైనదే కనుక దాని సభ్యత్వ లెక్కలను ప్రజాదరణకు కొలతగా తీసుకోలేము. 1934 మే 1 నాటి రాజ్యాంగమైతే సర్వ న్యాయమూ దేవుని నుంచే వెలువడుతుందని మొదలవుతుంది. పార్టీలకు బదులు వృత్తుల వారీగా ప్రజలకు ప్రాతినిధ్యం కల్పించడానికి అది ప్రతిపాదించిన వృత్తి సంఘాలు ఏడింటిలో వ్యవసాయం, ప్రభుత్వోద్యోగం అనే రెండు మాత్రమే రూపుదిద్దుకున్నాయి. నా దృష్టిలో ఇది ఫాసిస్టు వేషం కట్టిన క్యాథలిక్ నిరంకుశత్వం.

సమాధానం 2:
పైవారి వాదనలో హైమ్‌వేర్ అనే సాయుధ దళం ప్రస్తావనే లేకపోవడం ఆశ్చర్యం. పాశ్చాత్య పార్లమెంటరీ ప్రజాస్వామ్యాన్ని తిరస్కరిస్తున్నామని 1930లోనే కోర్నొయ్‌బుర్గ్‌లో బాహాటంగా ప్రమాణం చేసిన ఆ దళపు నాయకులు ఎమిల్ ఫై, స్టార్‌హెంబెర్గ్ ఇద్దరూ ఉప చాన్సలర్ పదవులు చేపట్టారు. 1934 ఫిబ్రవరిలో వియన్నాలోని కార్ల్ మార్క్స్ హోఫ్ వంటి కార్మిక గృహ సముదాయాలపై ఫిరంగులు పేల్చి, సోషల్ డెమోక్రాట్ పార్టీని, కార్మిక సంఘాలను తుడిచిపెట్టి, తీవ్రంగా గాయపడిన సోషలిస్టు పోరాటయోధుడు మ్యూనిక్‌రైటర్‌తో సహా తొమ్మిది మందిని ఉరితీశారు. సంఘటిత కార్మికవర్గాన్ని ఆయుధబలంతో నిర్మూలించడమే ఫాసిజం చేసే ప్రధానమైన పని అనుకుంటే, ఆ పని ఇక్కడ పూర్తిగా జరిగింది. వృత్తి సంఘాలు కాగితాలకే పరిమితమయ్యాయన్న అభ్యంతరానికి వస్తే, ఇటలీలోనూ అవి 1934లో గాని ఏర్పడలేదు, ఏర్పడ్డాక వాటికి దక్కిన అధికారమూ స్వల్పమే. పైగా 1922లో ముస్సోలినీని ప్రధానిగా నియమించింది రాజు. పైనుంచి అందిన అధికారం కాబట్టి ఫాసిజం కాదంటే ఇటలీ కూడా ఈ పరీక్షలో తప్పుతుంది.

సమాధానం 3:
మీరిద్దరూ అయిదేళ్లను ఒకే ముద్దగా చూస్తున్నారు. షుష్నిగ్ 1936 మేలో స్టార్‌హెంబెర్గ్‌ను ప్రభుత్వం నుంచి తప్పించి, అక్టోబరులో హైమ్‌వేర్‌ను రద్దు చేస్తే దేశంలో తిరుగుబాటేమీ రాలేదు. ఇటలీలో ఫాసిస్టు పార్టీని ఒక మంత్రి అలా రద్దు చేయగలగడం 1936లో ఊహకందని సంగతి. 1938 మార్చిలో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ తలపెట్టినప్పుడు, తాము నిషేధించిన సోషలిస్టు కార్మికుల మద్దతునే కోరవలసి రావడం ఈ ప్రభుత్వానికి సొంత జనబలం ఎంత తక్కువో చూపుతుంది. 1934 నాటి ప్రభుత్వాన్ని ఫాసిస్టు అనడానికి నేను వెనుకాడను గాని, 1937 నాటి ప్రభుత్వానికి అదే పేరు పెట్టేవారు అప్పటికి అందులో మిగిలిన ఫాసిస్టులెవరో చూపవలసి ఉంటుంది.