జుమైరా విలేజ్‌లో స్టూడియో: ఏడున్నర శాతం అద్దె నమ్మవచ్చా?

ప్రశ్న (షార్జా నహ్దా నుంచి)

పదకొండేళ్ళుగా ఇక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. దుబాయ్‌లోని జుమైరా విలేజ్ సర్కిల్‌లో ఇంకా పునాదులు తవ్వుతున్న భవనంలో 400 చదరపు అడుగుల స్టూడియో (ఒకే గది ఫ్లాటు) చూపించారు. ధర 7 లక్షల దిర్హాంలు. తాళాలు ఇచ్చేలోపు 60 శాతం, ఆ తరువాత వాయిదాల్లో 40 శాతం కట్టాలి. ఏడాదికి 52 వేల అద్దె వస్తుంది, అంటే ఏడున్నర శాతం అని ఏజెంటు లెక్క. ఆ డబ్బుతో ఊళ్ళో ఇంటి స్థలం కొందామని మా ఆవిడ పట్టు. బుకింగ్ చెక్కు శనివారంలోగా ఇవ్వాలట. ఏం చేయమంటారు?

జవాబు 1 (కరామా పాతకాపు)

‘శనివారంలోగా’ అన్న మాట చదవగానే నాకు 2008 గుర్తుకు వచ్చింది తమ్ముడూ. అప్పుడు నాకు బుధవారం గడువు పెట్టారు. దుబాయ్‌ల్యాండ్ వైపు ఒక ఫ్లాటుకు మూడు వాయిదాలు, మొత్తం 1,60,000 దిర్హాంలు కట్టాను. మరుసటి ఏడాదికి దుబాయ్‌లో ధరలు సగానికి పడిపోయాయి, మా సైటులో క్రేను కూడా మాయమైంది. ప్రతి శుక్రవారం వెళ్ళి ఇసుకను చూసి వచ్చేవాడిని. చివరికి 2012లో మరో భవనంలో చిన్న స్టూడియోతో సర్దుబాటు చేశారు.

తప్పు పూర్తిగా వాళ్ళదే అనను. కొనుగోలుదారుల డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోనే (ఆ భవనం ఖర్చుకు మాత్రమే వాడాల్సిన బ్యాంకు ఖాతా) పడాలన్న చట్టం 2007లోనే వచ్చింది. నేను మాత్రం చెక్కు కంపెనీ పేరున రాసి ఇచ్చాను, అడగడానికి మొహమాటపడి.

ఇక మీ ఏజెంటు లెక్క. భవనం నిర్వహణకు కట్టే సర్వీస్ చార్జీ అడుగుకు ఏడాదికి 16 దిర్హాంలు అనుకుందాం, 6,400. అద్దె వ్యవహారాలు చూసే సంస్థకు 5 శాతం, అంటే 2,600. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 4,300. మిగిలేది 38,700. ల్యాండ్ డిపార్ట్‌మెంటు 4 శాతం రుసుము కలిపితే మీరు పెట్టేది 7,28,000. వచ్చేది సుమారు 5.3 శాతమే. పైగా ఆ సర్కిల్‌లో ప్రతి సందులో ఒక భవనం లేస్తోంది. మీ తాళాలు వచ్చిన రోజే వందలాది స్టూడియోలు అద్దెకు దొరుకుతాయి. ఆ 52 వేలు అప్పుడు ఎవరు ఇస్తారు?

2014 నుంచి 2020 దాకా ధరలు ఏటా కొంచెం కొంచెంగా దిగుతూనే ఉన్నాయి. 2009 పతనం గురించి అందరూ చెబుతారు, ఈ ఆరేళ్ళ సంగతి ఏజెంట్లు ఎత్తరు.

జవాబు 2 (కుట్టు దుకాణం నడిపే అక్క, బర్ దుబాయ్)

స్టూడియోల సంగతి నాకు తెలియదు, దుకాణం అద్దె సంగతి తెలుసు. నివాసపు అద్దె మీద వ్యాట్ లేదు, దుకాణం అద్దె మీద 2018 నుంచి 5 శాతం ఉంది. మా యజమాని ఒకసారి కాంట్రాక్టు ముగియడానికి నలభై రోజుల ముందు అద్దె పెంచుతానని కాగితం పంపాడు. తొంభై రోజుల ముందు చెప్పాలని చట్టం ఉందని చూపిస్తే ఆ ఏడాదికి ఊరుకున్నాడు. రేపు మీరే యజమాని అయితే ఈ కట్టుబాట్లన్నీ మీకూ వర్తిస్తాయి. అద్దె మీ ఇష్టానికి పెంచుకోలేరు.

జవాబు 3

ఇంకో మాట. మీరు ఇండియాకు తిరిగి వెళ్ళాక కూడా ఆ స్టూడియోను ఉంచుకోవచ్చు. కానీ అక్కడి నివాసి అయ్యాక పన్ను రిటర్నులో విదేశీ ఆస్తిగా చూపాలి, అద్దె మీద పన్ను కట్టాలి. ఏజెంటు కాగితంలో ఆ వరుస ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అన్నగారూ, మీరు చెప్పాక బుకింగ్ ఫారం తీసి చూశాను. చెక్కు ఎవరి పేరున రాయాలో ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఏజెంటుకు ఫోను చేస్తే, ‘మీరు సంతకం పెట్టి తెండి సార్, పేరు మేము రాసుకుంటాం’ అన్నాడు.