బర్మా వలస: మనవాళ్ళు వెళ్ళారా, తోలుకుపోయారా?

తీరవాసి:
1931 జనాభా లెక్కల నాటికి బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లు కూలీల్లో, రిక్షా లాగినవాళ్ళలో మన కోస్తా తెలుగువాళ్ళు చాలామంది. ఈ వలసంతా బ్రిటిష్ వాళ్ళ చలవేనని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నేను ఒప్పుకోను. కంపెనీ పాలన రాకముందే మన తీరం నుంచి బర్మాలోని పెగూకి ఓడలు నడిచాయి. ఊళ్ళో జమీందారు కింద నలిగే బదులు సముద్రం దాటితే నాలుగు డబ్బులొస్తాయని ఆలోచించుకుని వెళ్ళారు. వాళ్ళకి సొంత బుర్ర లేనట్టు మాట్లాడటం అన్యాయం.

నాగావళి:
ఓడలు నడిచిన మాట నిజమే. ఎక్కింది వర్తకులు, కళాసులు. ఏటా వేలమంది కూలీలు డెక్కు మీద కిక్కిరిసి వెళ్ళడం వేరే కథ. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. ఐరావతి డెల్టాలో అడవి నరికించి వరి వేయించారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బియ్యానికి గిరాకీ ఇంకా పెరిగింది. కోతలకీ మిల్లులకీ చేతులు కావలసి వచ్చాయి.

ఇక ఆలోచించుకుని వెళ్ళడం గురించి. కూలీలని కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. దాంతో పాత బాకీ తీరుతుంది, ఇంట్లో నాలుగు గింజలు పడతాయి. ఓడ టికెట్టూ అతనే కొంటాడు. రంగూన్‌లో దిగాక కంపెనీ కూలి నేరుగా చేతికి రాదు. కాంట్రాక్టరుకి, అక్కణ్ణించి మేస్త్రీకి, తలా కొంత పట్టుకోగా మిగిలింది కూలీకి. అందులోంచి మళ్ళీ అడ్వాన్సు కోత. కరువు రోజుల్లో ఆకలికి తట్టుకోలేక వేలిముద్ర వేసినవాణ్ణి ఇష్టపడి వెళ్ళాడనడానికి నాకు నోరు రాదు.

తీరవాసి:
ఆ మేస్త్రీ తెలుగువాడే కదండీ! మనవాణ్ణి మనవాడు దోచుకున్నా దొరల ఖాతాలోనే రాసేద్దామా?

ఐరావతి:
మీ ఇద్దరి వాదనలో బర్మావాళ్ళ ఊసే లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. వచ్చేవాళ్ళని ఆపాలో వద్దో చెప్పే అధికారం ఆ దేశస్థులకి లేదు. నా దృష్టిలో అసలు గొడవ అక్కడుంది.

1930 మే నెల చూడండి. రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీలని దింపారు. సమ్మె పరిష్కారమై 26న తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది భారతీయులే. ఇద్దరూ కూటికి వచ్చినవాళ్ళే. ఒకణ్ణి చూపించి ఇంకొకడి కూలి బిగబట్టినవాళ్ళ ఒంటి మీద గీత పడలేదు. మేస్త్రీ తెలుగువాడైతే ఏమిటి, ఆ మేస్త్రీ అవసరం ఎవరిది?

తర్వాత ధరలు పడిపోయి అప్పుల కింద దిగువ బర్మా వరి భూముల్లో దాదాపు నాలుగో వంతు వడ్డీ వ్యాపారం చేసే తమిళ చెట్టియార్లకు పోయింది. భూమి పోయిన రైతుకి తమిళ షావుకారైనా తెలుగు హమాలీ అయినా ఒకటే అయిపోయారు.

నాగావళి:
1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అరకాన్, మణిపూర్ దారుల్లో నడిచి వచ్చారు. దారిలోనే వేలమంది చనిపోయారు. మిగిలినవాళ్ళని 1964 దెబ్బ తీసింది. బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, యాభై, వంద చాట్ (బర్మా కరెన్సీ) నోట్లు రద్దు చేసింది. విశాఖలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేట బర్మా క్యాంపు ఊరికే వెలవలేదు. 1982 పౌరసత్వ చట్టం ఇంకా ఘోరం. 1823కి ముందు నుంచి ఉన్న జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం. మొదటి ఇంగ్లీషు-బర్మా యుద్ధం 1824లో. ఇప్పటికీ కొలబద్ద దొరల రాకే!

తీరవాసి:
ఆ గీత గీసింది స్వతంత్ర బర్మా పాలకులు. 1948 తర్వాత మనసు మార్చుకోవడానికి వాళ్ళకి ముప్పై నాలుగేళ్ళ టైముంది. వాళ్ళ బాధ్యత వాళ్ళకి ఉండాలి కదా?