ఇంటికి వచ్చిన సర్వేకు నిజం చెప్పాలా?

సత్యనారాయణపురం: నిన్న కుటుంబ ఖర్చుల సర్వే అంటూ ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. నూనె ఎంత వాడారు, చెప్పులు ఎప్పుడు కొన్నారు అంటూ గంటన్నర కూర్చుంది. పక్కవాళ్లు తలుపే తీయలేదు. బడిలో గణాంకాలు సరిగా నేర్పకపోతే ఇలాగే ఉంటుంది.

యార్డు మనిషి: గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లుగా ఉన్నాను. మచ్చు నమ్మి మోసపోనివాడు లేడు. పైన ఎర్రటి కాయలు, అడుగున తాలు. నాలుగిళ్లు అడిగి దేశం సంగతి చెబుతారా? మా ఇంటికి ఇంతవరకు ఎవరూ రాలేదు.

లెక్కల మాస్టారు: నాలుగిళ్లు కాదు, 2022-23 ఖర్చుల సర్వేలో 2,61,746 ఇళ్లు. అయినా మచ్చు చిన్నదై మీరు మోసపోలేదు, బస్తా మూతి దగ్గరే చెయ్యి పెట్టి మోసపోయారు. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడంది, ఆయనే గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాలు పట్టుకుంది మరి. ఏ బస్తా విప్పాలో అమ్మేవాడు చెప్పకూడదు, చీటీ తీయాలి.

యార్డు మనిషి: మూతి దగ్గర పెడతానని మీకెవరు చెప్పారు? నేను అడుగు నుంచే తీస్తాను.

బెంజి సర్కిల్: మాస్టారికి ఘాటు తగిలింది.

సింగ్‌నగర్: 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లో నడుము లోతు నిలిచింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన వీధి చివరే నిలబడి రాసుకుని వెళ్లాడు. మా ఫ్రిజ్ జాబితాకు ఎక్కలేదు. నా దగ్గర సర్వే మాట ఎత్తకండి.

లెక్కల మాస్టారు: అది నష్టాల నమోదు, ప్రతి ఇల్లూ రాయాల్సిందే. నమూనా సర్వేకు మీ పేరుతో పనిలేదు. రెండూ కలపకండి.

సింగ్‌నగర్: కలిపింది మేము కాదండీ. అదే ట్యాబు, అవే ప్రశ్నలు: ఏసీ ఉందా, కారు ఉందా? ఒకసారి ఉన్నదున్నట్టు చెబితే మా అత్తగారి పింఛను ఆగింది. రేషన్ కార్డుకు 300 యూనిట్ల కరెంటు హద్దు పెట్టాక మా వీధిలో మీటరు మాటెత్తితే నీళ్లు నమలనివారు లేరు.

సత్యనారాయణపురం: అంటే లెక్కలు తెలియక కాదు, భయపడి తలుపు వేస్తున్నారా?

సింగ్‌నగర్: ఆ లెక్కలు ఎటు పోతాయో తెలిసే వేస్తున్నాం.

లెక్కల మాస్టారు: 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద తీసుకున్న వివరాలను గణాంక అవసరాలకే వాడాలి. ఆ ముక్క ఆ అమ్మాయి చెప్పలేదా?

సత్యనారాయణపురం: చెప్పలేదు, నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే, మా ఏసీ సంగతి నేనూ దాచాను.

యార్డు మనిషి: అడుగున తాలు అన్నది ఇదే.